నోట్లో నిప్పు, గుమ్మంలో ముల్లు

మాఘ బహుళ పాడ్యమి

అమ్మా అప్పలకొండా, ఒంట్లో ఎలా ఉంది? కాళ్ళ వాపులు తగ్గాయా? లోపలున్నది బాగా తంతోందా, మబ్బుగా పడుకుంటోందా? తన్నకపోతే దాచకుండా చెప్పు. అల్లుడి మెడనొప్పి ఎలా ఉంది? పొద్దస్తమానం తల పైకెత్తి మోకులు లాగొద్దన్నానని చెప్పు. మీ అత్తగారికి కళ్ళలో నీరు కారడం ఆగిందా? మావగారు ఇంకా దగ్గుతూనే ఉన్నారా? మీ ఆడపడుచు కొడుక్కి చెవిపోటన్నావు, అదేమయింది? మొన్న గాలికి మీ ఉట్టి, వేలాడే ఇళ్ళతో సహా ఊరంతా, బాగా ఊగిందని మనుషుల్ని పైకీ కిందికీ చేర్చే గంపవాళ్ళు చెప్పుకుంటుంటే నాకు అన్నం దిగలేదు. అందరూ బాగున్నారని ఒక్క ముక్క రాయి.

ఇక్కడ మీ నాన్న బాగున్నాడు. నేనూ బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు. అందుకని ఉన్నదున్నట్టు ఈ పలక మీద రాసిపెడతాను. రాసింది రాసినట్టే సాయంత్రం తీగ మీద నీకు చేరుతుందట. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు, వంకర్లు పోతే సర్దుకుని చదువుకో.

నిన్న పున్నమికి ఇళ్ళ తూకం అయింది. తూకం బాబు సన్యాసిరావు మన గుమ్మం పక్కనున్న బరువు ముల్లు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముల్లు ఎర్రగీతను ఆనుకుని నిలబడింది.

"మామ్మా, ఈ మోక్కి ఇంక చేటెడు బియ్యం కూడా బరువే. నీ కూతుర్ని ఎక్కడెడతావు?" అన్నాడు.

"పురిటికి రాకపోతే ఎలాగ బాబూ?" అన్నాను.

"నానేటి సేత్తాను? పైన గ్యాసు తిత్తి ఎంత మోస్తే అంతే కదా."

నువ్వు వెళ్ళాక ఇక్కడ పద్ధతులు మారాయి. మన ఇల్లూ పక్కింటి గురమ్మ ఇల్లూ ఒకే మోకుకు వేలాడుతున్నాయని ఇద్దరికీ కలిపి ఒకే ముల్లు పెట్టారు. అది చాలక మన ఇద్దరి ఇళ్ళ కిందా ఇసుక మూటలు కట్టారు. చుట్టలు కాల్చే ముసలమ్మలున్న మోకు కదా, పైన తిత్తి నిండా గ్యాసు, ఒక్క రవ్వ ఎగిరితే ఊరు ఊరంతా మండి సముద్రంలో పడుతుంది. ఆర్పడానికి ఇసుక ఉండాలన్నారు. ఇద్దరూ మానేశారని ఊపిరి యంత్రంలో తేలితే ఇసుక దించేస్తామన్నారు. నేను వినాయక చవితి ముందే మానేశాను. నిన్న ఊదితే పచ్చదీపం వెలిగింది. గురమ్మ ఊదితే మళ్ళీ ఎర్రదీపమే.

"నాను మానీసినాను బాబూ, ఒట్టు! నీ యంత్రం కూడా నాలాగే ముసల్దైపోనాది" అంది గురమ్మ.

నిజమే అయుంటుంది. చిన్నప్పట్నుంచి లోపల పట్టిన పొగ ఒక్క రోజులో పోతుందా? కానీ తప్పు దానిదొక్కదానిదే కాదు. నేను చుట్ట మానకముందు ఈ ముల్లు గీతకు చాలా ఇవతల ఉండేది. దాన్ని అక్కడికి నెట్టింది మానేశాక లావెక్కిన నా ఒళ్ళు.

వచ్చే పున్నమి తూకమే మనకు ఆఖరిది. ఆ తర్వాత నీకు తొమ్మిదో నెల వస్తుంది, గంప ఎక్కనివ్వరు. కిందటిసారి నీ కడుపు పోయినప్పుడు నేను పక్కన లేను. ఆ మాట తలచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను.

మాఘ బహుళ చవితి

నోరు ఊరుకోవడం లేదు తల్లీ. పొద్దున లేవగానే చోడి అంబలి. అది దిగకముందే కుడుములు. ఆ తర్వాత గంజి. నెత్తళ్ళు ఆవిరికి ఉడికించి వేడిగా డబ్బాలో పెడితే మీ నాన్న వచ్చేసరికి డబ్బా ఖాళీ. ఆకలా అంటే ఆకలి కాదు. కడుపు నిండుగానే ఉంటుంది. నోరే ఏదో అడుగుతుంది. ఏమిటో పేరు చెప్పదు.

నర్సమ్మ ఒక పట్టీ ఇచ్చింది, జబ్బకు అంటించుకోమని. అంటించుకున్నాను. చేతుల వణుకు తగ్గింది. నోరు మాత్రం తగ్గలేదు. బెల్లం బిళ్ళలు చప్పరించమంది. చప్పరిస్తే ఇంకో బిళ్ళ కావాలంది.

మన ఆడవాళ్ళకు మామూలు చుట్టయితే ఎలాగో మానుకునేవాళ్ళమేమో. మనది అడ్డపొగ కదా. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, రెండు చేతులతో చేపల గంప పట్టుకుని ఒడ్డునంతా నడిచినవాళ్ళం. వానకు ఆరదు, గాలికి రాలదు. ఒడ్డు మునిగి ఈ ఉట్టి మీదికి వచ్చాక ఆ అలవాటే మనకు శత్రువైంది.

ఇవాళ రుబ్బురోలు కిందికి పంపేశాను. నీ చిన్నప్పటి ఇనప ఉయ్యాల గొలుసులు కూడా. ముల్లు కదిలిందా లేదా అని తలుపు దగ్గరే కూర్చున్నాను.

"ఒలే పోలీ, ఆ ముల్లుకేసి అలా సూడకే, సిగ్గుపడి ఇంకా అటు తిరిగిపోద్ది" అన్నాడు మీ నాన్న.

"నీకు నవ్వులాటగా ఉందేటయ్యా?"

"నవ్వకపోతే ఏటి సేత్తాను? నీకోసం ఓ తిత్తి ఎక్కువ కట్టమని అడుగుతాన్లే."

నేను ఏడ్చాను. ఆయన లేచి, మంచం కిందున్న పడవ లంగరు భుజానికెత్తుకుని గంపలరేవు దగ్గరికి తీసుకెళ్ళి కిందికి పంపేశాడు. మన పడవలో మిగిలింది అదొక్కటే కదా. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని, "ఆకలేత్తంది" అన్నాడు. ముల్లు కొంచెం ఇవతలికి వచ్చింది. ఎంత అని అడగకు. గట్టిగా గాలి వీస్తే తేడా తెలియనంత.

మాఘ బహుళ అష్టమి

లంగరు వెళ్ళిన బరువంతా నాలుగు రోజుల్లో నేనే తినేశాను. రాత్రి మోకు కిర్రుమంటే అది నా వల్లేననిపిస్తుంది. మంచం మీద అటు నుంచి ఇటు తిరగడానికి భయం.

ఇవాళ గురమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. అది ఎంత సన్నగా ఉందో చూస్తే నాకు కుళ్ళు పుట్టింది.

"వొదినా, నువ్వూ మానీసినావు కదా. నీకు ఆకలెయ్యదేటి?" అన్నాను.

అది అటూ ఇటూ చూసి నవ్వింది.

"ఒలే పిచ్చిమొకమా, నానెక్కడ మానీసినాను?"

నేను దగ్గరికి జరిగాను.

"మరి గంప దగ్గర పట్టుకోరా?"

"ఏటి పట్టుకుంతారు? సేతులు సూత్తారు. మూట సూత్తారు. నోరిప్పమంతారేటి? కింద బురదకట్ట మీద నిప్పున్నాది, అక్కడ ముట్టించుకుంతాను. సుట్ట కురసగా తుంపుకుంతే పెదాల బయటికి రాదు. నోరు మూసుకుని గంపెక్కి కూకుంతాను. ఇంటికొచ్చి తలుపేసుకుంటే సల్లారేదాకా నాదే."

"పైన గ్యాసు ఉందే!"

"నిప్పు నా నోట్లో ఉన్నాదే. బయటకొత్తే కదా గ్యాసుకి తెలిసేది?"

అలా అనగలిగేది మన ఒడ్డు ఆడవాళ్ళే. నాకూ ఒకప్పుడు అదే నమ్మకం. నిప్పు నోట్లో ఉంటే నిప్పే కాదనుకునేవాళ్ళం.

తర్వాత అది గొంతు తగ్గించింది. "సూడు పోలమ్మా. రోజుకో సుట్ట కాల్చు. ఆకలి సచ్చిపోద్ది. పున్నమికల్లా పుల్లలా అయిపోతావు. తూకం నాటికి మూన్నాల్రోజులు ఆపీ, పచ్చదీపం వెలుగుద్ది. నీ కూతురొత్తాది." కొంగు ముడి విప్పి చిన్న చుట్ట ఒకటి నా చేతిలో పెట్టింది.

"మరి నువ్వు మూన్నాల్రోజులు ఆపలేవేటి? నీ ఎర్రదీపం వల్లే కదా ఇసక దించట్లేదు?" అన్నాను.

అది లేచి వెళ్ళిపోయింది. చుట్ట నా దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా నీకు రాయొచ్చో లేదో తెలియదు. ఎవరికీ చెప్పకు. మీ నాన్నకు చెబితే గురమ్మను పట్టిస్తాడు, దాన్ని ఉట్టి నుంచి దించేస్తారు. ఆ వయసులో ఆ బురదకట్ట మీద ఎవరున్నారు దానికి? చెప్పకపోతే రేపు ఏమవుతుందో. ఏం చేయాలో తోచక మళ్ళీ గంజి తాగాను.

మాఘ అమావాస్య

ముల్లు గీత దాటింది. వెంట్రుకవాసి. తడిబట్టలు తీసుకెళ్ళి బయట వంతెన మీద ఆరేసినా ఇవతలికి రాలేదు.

మీ నాన్న తిత్తి పైకి మాసికలు వేయడానికి వెళ్ళగానే చుట్ట తీశాను. వెలిగించడానికి ఇక్కడ నిప్పెక్కడిది, వంటకు కూడా కింద నుంచి గొట్టంలో వచ్చే ఆవిరే కదా? ఊరికే నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకోవడం కూడా అలవాటు ప్రకారం కాల్చే కొస లోపలికే పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. పొగాకు రుచి తగిలింది, వాసన తగిలింది. అయినా లోపల ఏదో లేదు. వెలితి వెలితిగానే ఉంది. చుట్ట తీసేసి, ఆవిరిపెట్టెలో ఉన్న కుడుము ఆత్రంగా నోట్లో వేసుకున్నాను. అంగిలి చుర్రుమంది. మింగలేక ఉమ్మేశాను.

అప్పుడు, అప్పలకొండా, నోరు నెమ్మదించింది. ఒక్క మెతుకు లోపలికి వెళ్ళలేదు. అయినా నోరు ఊరుకుంది.

ఇన్నాళ్ళూ నోరు అడిగింది పొగ కాదు, తిండి కాదు. వేడి. అంగిలి మీద చిన్నప్పట్నుంచి రోజూ కూర్చున్న వేడి. చుట్ట పోయాక ఆ చోటు ఖాళీగా ఉంది. అందుకే చల్లన్నం ఎప్పుడూ అడగలేదు నేను, పొగలు కక్కేదే అడిగాను. నర్సమ్మ ఎప్పుడూ నోట్లో నిప్పు పెట్టుకోలేదు, ఆమెకేం తెలుస్తుంది? నా నోరే కదా, నాకూ తెలియలేదు.

ఆ చుట్టను నీళ్ళలో నానబెట్టి ముద్దచేసి కిందికి వదిలేశాను.

ఫాల్గుణ శుద్ధ పంచమి

ఆవిరి గొట్టం కింద గ్లాసు పెట్టి వేడినీళ్ళు పట్టుకుంటున్నాను. చర్మం ఊడేంత కాదు, కంగారుపడకు. ఒక గుక్క అంగిలికి ఆనించి పట్టుకుంటాను. చల్లారాక ఉమ్మేస్తాను. మింగితే నీళ్ళు కూడా బరువేనని భయం. మొదటి రెండు రోజులు నరకం. ఆకలి వేరే ఉంది కదా, అదీ నిజమే, అది ఊరికే పోదు. పగలంతా గ్లాసు చేతిలోనే ఉంటుంది. మీ నాన్న పిలిస్తే "ఊఁ" అనడమే, నోట్లో నీళ్ళుంటాయి.

"ముప్పయ్యేళ్ళకి ఇంట్లో నిమ్మళంగా ఉన్నాది" అన్నాడు. ఉమ్మేసి తిట్టేలోపు వెళ్ళిపోయాడు.

ముల్లు గీత మీదికి వచ్చింది. కానీ గీత మీద ఉంటే నువ్వు రాలేవు. గీతకు ఇవతల నీకూ నీ కడుపుకూ చోటుండాలి. నేను ఎండుపుల్లనైనా అంత చోటు రాదు. ఇసుక దిగాలి. ఇసుక దిగాలంటే గురమ్మ మానాలి. రోజూ దాని గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తున్నాను. ఒక్కరోజు ధైర్యం చేసి వేడి సంగతి చెబితే, "నీళ్ళు పుక్కిలిత్తే సుట్ట కాల్చినట్టేటి!" అని నవ్వింది.

ఫాల్గుణ శుద్ధ దశమి

అక్షరాలు తెలియకపోతే ఊహించుకో. మీ నాన్న బాగున్నాడు, అది ముందే రాస్తున్నాను.

పొద్దున మీ నాన్న మన తిత్తి మీదే ఉన్నాడు. మోకు ముడి దగ్గర గుడ్డ పలచబడిందట. నేను గ్లాసు పట్టుకుని గంపలరేవు దగ్గర నిలబడ్డాను, ఎండుచేపలు వస్తాయని. అప్పుడు బూర మోగింది. ఒకటే మోత. గ్యాసు కారుతోందని. ఆవిరి ఆపేశారు. అందరూ చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలి వంతెన మీదికి వచ్చారు. ఇనుముకు ఇనుము తగలకూడదు, ఎవరూ పరుగెత్తకూడదు. తల పైకెత్తి చూస్తే తిత్తి పక్కన మీ నాన్న తాడుకు వేలాడుతున్నాడు, ఒక చెయ్యి గుడ్డలోకి పోయి ఉంది.

అదే సమయానికి కింద నుంచి గంప వచ్చి ఆగింది. అందులోంచి గురమ్మ దిగింది.

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. గంప కావలివాడు, "ఏటి గురమ్మత్తా, బూర ఇనబడలేదా? మాటాడవేటి?" అన్నాడు. అది తల ఊపింది. దాని కళ్ళు నన్ను చూశాయి. ఆ చూపు నేను ఎప్పుడూ చూడలేదు. ముక్కు దగ్గర సన్నటి పొగ, దారప్పోగంత. గాలి దాన్ని వెంటనే తుడిచేసింది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

దాని నోట్లో నిప్పుంది. పైన మీ నాన్న చెయ్యి చిల్లులో ఉంది.

అరవబోయాను. అరిస్తే అది ఉలిక్కిపడి నోరు తెరుస్తుంది. ఉమ్మితే గాలి రవ్వను ఎటు ఎత్తుకుపోతుందో. కావలివాడికి చెబితే వాడు దాని మీద పడతాడు. దాని వైపు నడిచాను. నెమ్మదిగా, పరుగెత్తకుండా. దగ్గరకు వెళ్ళి దాని తల నా భుజానికి ఆనించుకున్నాను, కళ్ళు తిరిగినదాన్ని పట్టుకున్నట్టు. గ్లాసు దాని పెదాలకు ఆనించాను.

"తాగు వొదినా, తాగు. నోరు ఎక్కువ తెరవకు. కొంచెం. కొంచెం."

నీళ్ళు లోపలికి వెళ్ళాయి. చుయ్ మంది. ఆ చప్పుడు నా చెవిలో ఎంత పెద్దగా వినిపించిందో! ఉట్టి అంతా విని ఉంటుందనుకున్నాను. ఎవరూ వినలేదు. అది కళ్ళ నీళ్ళతో గుటకలు వేసింది. గ్లాసంతా పోసేదాకా నేను వదల్లేదు. తర్వాత దాని కొంగులోకి నల్లటి ముద్ద ఉమ్మించాను. చేత్తో నలిపి చూశాను. చల్లగా ఉంది.

"ముసలాళ్ళకి కళ్ళు తిరిగితే ఇంట్లో కూకోవచ్చు కదే" అన్నాడు కావలివాడు.

చాలాసేపటికి బూర ఆగింది. మీ నాన్న దిగి వచ్చాడు.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

రాత్రంతా ఆలోచించి మీ నాన్నకు చెప్పేశాను. గురమ్మ ఏమైపోతుందోనన్న భయం కంటే, తాడుకు వేలాడుతున్న ఆయనే కళ్ళ ముందు కనిపించాడు. చెబుతుంటే ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. తిట్టలేదు. చెయ్యి కడుక్కుని గురమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను, కొడతాడేమోనని భయంతో.

గుమ్మం బయటే నిలబడి, "వొదినా, నాను పైన సిల్లులో సెయ్యెట్టి ఉన్నాను" అన్నాడు. అంతే. తిరిగి వచ్చేశాడు.

గురమ్మ లోపల నుంచి బయటికి రాలేదు. ఏడుపు వినిపించింది. మధ్యాహ్నం కొంగు నిండా చుట్టలు తెచ్చి మా ఇంట్లో గుమ్మరించింది. బియ్యం డబ్బాలోవి, తలగడలోవి, దేవుడి పటం వెనకవి. "నానబెట్టీ. నా సేత్తో నా వల్ల కాదు" అంది. దాని అంగిలి బొబ్బలెక్కి ఉంది. నీళ్ళ వల్లో నిప్పు వల్లో.

రెండు బిందెలు నిండాయి. నా ఎదుటే కూర్చుని ముద్దలు చేసింది.

"నువ్వు మళ్ళీ ముట్టుకుంటే సన్యాసిరావు బాబుకి నేనే చెబుతాను వొదినా" అన్నాను.

"సెప్పు. ఇప్పుడు మాత్రం ఆ గ్లాసు ఇలాగియ్యి."

ఫాల్గుణ శుద్ధ చతుర్దశి

ఇద్దరు ముసలమ్మలం గడప మీద ఎదురెదురుగా కూర్చుని, నోట్లో వేడినీళ్ళు పట్టుకుని, ఒకరినొకరం కాపలా కాసుకుంటున్నాం. దానికి బొబ్బలు కదా, గోరువెచ్చవే. అది రెండుసార్లు లేచి గంపలరేవు వైపు నడిచింది. రెండుసార్లూ కొంగు పట్టుకుని లాక్కొచ్చాను. రెండోసారి నన్ను చెంప మీద కొట్టింది. తర్వాత అదే నా చెంప నిమిరింది.

కానీ అసలు భయం ఇప్పుడు మొదలైంది. గురమ్మకు ఆకలి పుట్టింది. నిన్న మా ఇంటి అంబలి, దాని ఇంటి అంబలి, రెండూ అదే తాగింది. ఒకే ముల్లు కదా, అది తిన్నా మన గీతే. ముల్లు మళ్ళీ అటు జరిగింది. తినొద్దని ఎలా చెప్పను? ఆ బాధ నాకు తెలియదా? రేపు దాని ఊపిరి ఎర్రగా వస్తే, ఈ బరువుతో ఇక ఏమీ లేదు. నువ్వు అక్కడ నొప్పులు పడుతుంటే నేను ఇక్కడ ఈ పలక పట్టుకుని కూర్చోవాలి.

ఫాల్గుణ పున్నమి, మంగళవారం

సన్యాసిరావు బాబు వచ్చాడు. ముల్లు చూసి పెదవి విరిచాడు. "గీత దాటీసినాది మామ్మా."

"ముందు ఊదనివ్వు బాబూ" అన్నాను.

నేను ఊదాను. పచ్చదీపం. గురమ్మ యంత్రం చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. నేను వెనక నుంచి దాని నడుం పట్టుకున్నాను. ఊదింది. దీపం చాలాసేపు ఏ రంగూ చూపించలేదు. అసలు చెడిపోయిందేమో అనుకున్నాను. సన్యాసిరావు బాబు దాన్ని అరచేత్తో తట్టాడు.

పచ్చగా వెలిగింది.

"యంత్రం కుర్రదైపోనాదే!" అన్నాడు ఆయన. గురమ్మ గడప మీద కూలబడింది.

కొక్కేలు తీశారు. ఇసుక మూటలు ఒక్కొక్కటే కింద నీళ్ళలో పడ్డాయి. పడినప్పుడల్లా ఇల్లు చిన్నగా ఎగిరింది. మీ నాన్న గోడ పట్టుకున్నాడు. నేను ముల్లునే చూస్తున్నాను. అది గీత మీదికి వచ్చింది, గీత దిగింది, ఇంకా ఇవతలికి వచ్చి, వణికి, ఆగింది.

సన్యాసిరావు బాబు నీ బరువు తీగ మీద అడిగి తెప్పించుకున్నాడు. వేళ్ళతో రెండుసార్లు లెక్క కట్టుకున్నాడు. "కూతురికి సరిపోద్ది. పుట్టబోయేదానికీ సరిపోద్ది. సామాన్లకి లేదు. ఇంకెవరూ లావెక్కకూడదు మామ్మా."

"ఆ మాట ముందు నా కడుపుతో సెప్పు బాబూ" అంది గురమ్మ.

అమ్మా, మీ అత్తగారికి నా మాటగా చెప్పు, సారె పంపలేదని ఎవరూ ఏమీ అనుకోరు, మినప సున్నుండలు ఒక్కటి కూడా కట్టొద్దు. ఒంటి మీద చీరతో రా. మిగతావి ఇక్కడ నా పాతబట్టలున్నాయి. గంపలో మధ్యలో కూర్చో, అంచు దగ్గర వద్దు. కిందికి చూడకు. దిగే చోట నేనుంటాను. నాతో గురమ్మ కూడా ఉంటుంది. చేతిలో గ్లాసులు చూసి నవ్వకు. తూకం బాబు సంతకం పెట్టేశాడు: ఫాల్గుణ బహుళ పంచమి, ఆదివారం, పొద్దుటి మొదటి గంప.